క్యాంపింగ్‌లో వేణ్నీళ్లు: ఏ పరికరం కొనాలి, ఎంత ఇంధనం పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, వంజంగి, అరకు వైపు వెళ్లి గుడారాల్లో రాత్రి గడిపే కుటుంబాలు చాలానే ఉన్నాయి. పొగమంచు చూడాలని తెల్లవారుజామునే లేచినవాళ్లు బకెట్‌లో చెయ్యి పెట్టగానే ఉలిక్కిపడతారు. వెంట పెద్దవాళ్లో, చంటిపిల్లలో ఉంటే వేణ్నీళ్లు విలాసం కాదు, అవసరం. ఇక్కడి ప్రశ్నలు ఎక్కువగా అలాంటి కుటుంబాలు అడిగేవే. లెక్కలన్నీ ఒక మామూలు డిసెంబరు ఉదయానికి వేసినవి. చన్నీళ్లు 12 నుంచి 15 డిగ్రీలు, స్నానానికి కావలసినవి సుమారు 40 డిగ్రీలు అనుకున్నాను.

ఇన్ని రకాలు కనిపిస్తున్నాయి. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

పరికరాల బొమ్మలు చూడటం పక్కనపెట్టి ముందు బకెట్లు లెక్కపెట్టండి. ఎంతమంది వెళ్తున్నారు, ఎన్ని రాత్రులు ఉంటారు, అందరూ రోజూ స్నానం చేస్తారా, లేక పెద్దవాళ్లు, పిల్లలు మాత్రమేనా? చెంబుతో పోసుకుంటే పెద్ద మనిషికి 12 నుంచి 15 లీటర్లు చాలు. షవర్ కింద నిలబడితే నిమిషానికి 5 లీటర్ల చొప్పున అయిదు నిమిషాలకే 25 లీటర్లు పోతాయి. మనవాళ్లకు బకెట్, చెంబు అలవాటే కాబట్టి క్యాంపులో కూడా ఆ పద్ధతే పాటిస్తే ఇంధనం దాదాపు సగం మిగులుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. నలుగురికి నాలుగు బకెట్లంటే 60 లీటర్లు, అంటే 60 కిలోల బరువు. ఆ నీళ్లు కుళాయి నుంచి వస్తాయా, వాగు నుంచి మోసుకురావాలా, కారులో క్యాన్లతో తీసుకెళ్లాలా? ఈ జవాబు దొరికాకే వేడి చేసే సంగతి. గుడారాలు అద్దెకిచ్చే చోటికి వెళ్తుంటే ముందే ఫోన్ చేసి వేణ్నీళ్లు ఇస్తారేమో కనుక్కోండి. బకెట్‌కు ఇంత అని తీసుకుని కట్టెల పొయ్యి మీద కాచి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఒక్క రాత్రి ప్రయాణమైతే ఆ డబ్బు ఇవ్వడమే మంచిది, ఏమీ కొననక్కర్లేదు.

ఒక బకెట్ వేణ్నీళ్లకు ఎంత గ్యాస్ ఖర్చవుతుంది?

లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ కావాలి. 15 లీటర్లను 15 నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 375 కిలోకేలరీలు. కిలో ఎల్‌పీజీలో సుమారు 11,000 కిలోకేలరీల వేడి ఉంటుంది. ఒక్క రవ్వ కూడా వృథా కాకపోతే 34 గ్రాములు చాలు. కానీ ఆరుబయట గిన్నె కింద మండే మంటలో సగం గాలికే పోతుంది. అందుకని బకెట్‌కు 70 గ్రాములు అని లెక్క వేసుకోండి.

బజారులో దొరికే పొడుగాటి గ్యాస్ డబ్బాలో సుమారు 225 గ్రాములుంటాయి. అంటే డబ్బాకు మూడు బకెట్లు. నలుగురు రెండు రోజులు స్నానం చేస్తే ఎనిమిది బకెట్లు, మూడు డబ్బాలు, పైన వంటకు వేరే. కొనబోయే పరికరం మీద ఎంత గొప్ప మాటలు రాసి ఉన్నా ఈ లెక్క దాటి పోలేదు. 375 కిలోకేలరీలు ఎక్కడి నుంచో రావాల్సిందే.

మామూలు పొయ్యి, గిన్నె సరిపోవా? వేరే యంత్రం కొనాల్సిందేనా?

ఇద్దరు ముగ్గురికి తప్పకుండా సరిపోతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: 5 లీటర్ల గిన్నె, దానికి బిగువుగా కూర్చునే మూత, ఒక పొయ్యి, ఒక బకెట్, ఒక చెంబు.

బకెట్ నిండా నీళ్లు పొయ్యి మీద పెట్టాలనుకోవడమే పొరపాటు. 5 లీటర్లు మరిగించండి, 10 లీటర్ల చన్నీళ్లలో కలపండి. ఒక వంతు మరిగిన నీళ్లు, రెండు వంతుల చన్నీళ్లు కలిస్తే 40 డిగ్రీల చుట్టుపక్కల స్నానానికి సరిగ్గా సరిపడే వేడి వస్తుంది. థర్మామీటరు అక్కర్లేదు, చెంబుతో కొలిస్తే చాలు. ఒకటికి రెండు అని గుర్తుపెట్టుకోండి. చన్నీళ్లు మరీ జివ్వుమంటుంటే, అంటే 5 డిగ్రీల దగ్గరుంటే, ఒకటికి ఒకటిన్నర చేయండి.

మూత గురించి నొక్కి చెప్పాలి. మూతలేని గిన్నెలో నీళ్లు కాగుతున్నంతసేపూ ఆవిరితోపాటు వేడి లేచిపోతూనే ఉంటుంది. కొండ మీద గాలి వీస్తుంటే మంట ఒక పక్కకు ఒరిగి గిన్నె అడుగును తాకకుండానే పోతుంది. పొయ్యికి గాలి వచ్చే వైపు పెట్టె గానీ, రాయి గానీ అడ్డుపెడితే పావుగంట ముందే నీళ్లు మరుగుతాయి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. పక్కన డబ్బా అమర్చే బల్లపరుపు పొయ్యి మీద అంచులు దాటి వచ్చేంత పెద్ద గిన్నె పెట్టకూడదు. గిన్నె డబ్బా వైపు పొడుచుకువస్తే దాని వేడి కిందికి దిగి డబ్బాను కాలుస్తుంది. డబ్బా పేలడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. రెండు పొయ్యిలను పక్కపక్కనే పెట్టి ఒకే పెద్ద గంగాళం ఎక్కించడం అంతకంటే ప్రమాదం. గాలి అడ్డు కూడా చుట్టూ మూసేసినట్టు కాకుండా ఒక పక్కనే ఉండాలి. డబ్బా మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వెచ్చగా తగిలిందా, వెంటనే మంట ఆపేయండి.

ఈ పద్ధతికి పరిమితి సమయమే. చిన్న పొయ్యి మీద 5 లీటర్లు మరగడానికి దాదాపు అరగంట పడుతుంది. నలుగురి స్నానాలకు రెండు గంటలు. అంత ఓపిక లేనివాళ్లు 5 కిలోల సిలిండర్, పెద్ద బర్నర్ తీసుకెళ్లాలి, లేదా గ్యాస్ గీజర్ గురించి ఆలోచించాలి.

తెల్లవారుజామున గ్యాస్ డబ్బా మంట దీపంలా తగ్గిపోయింది. డబ్బా పాడైందా?

పాడవలేదు, చలికి లోపలి గ్యాస్ ఆవిరి కావడం లేదు. డబ్బాలో ఉండేది ద్రవం. అది ఆవిరైతేనే బయటకు వచ్చి మండుతుంది. చవక డబ్బాల్లో ఎక్కువగా ఉండే బ్యూటేన్ సున్నాకు కొద్దిగా దిగువన, మైనస్ అర డిగ్రీ దగ్గర మరుగుతుంది. లంబసింగిలో చలికాలం ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయే రోజులుంటాయి. అప్పుడు బ్యూటేన్‌కు పైకి లేచే సత్తువే ఉండదు. పైగా మండుతున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది.

మేము ఒకసారి సూర్యోదయానికి ముందు టీ పెట్టబోయి దీన్ని కళ్లారా చూశాం. అయిదు నిమిషాలకే డబ్బా కింది సగం మీద తెల్లటి నూగు కమ్మింది, వేలితో గీస్తే గీత పడింది. నీలం మంట వత్తి చివర మంటంత అయిపోయింది. డబ్బా ఊపితే లోపల ద్రవం గలగలమంటోంది. గ్యాస్ ఉంది, రావడం లేదు.

చేయవలసింది సులువే. డబ్బాలను రాత్రి కారులో గానీ, గుడారం బయట గానీ వదిలేయకుండా దుప్పట్ల సంచిలో చుట్టి ఉంచండి. ఉదయం పొయ్యికి అమర్చేముందు కాసేపు చొక్కా లోపల పెట్టుకుంటే చాలు. కొనేటప్పుడు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా అడగండి. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటాయి. డబ్బాను మంట దగ్గర కాచడం, మరిగే నీళ్లలో ముంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు.

పోర్టబుల్ గ్యాస్ గీజర్ మంచిదేనా? దానికి ఇంకా ఏమేం కావాలి?

ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి మూడు నాలుగు రోజులు ఉండేటట్టయితే అంతకు మించినది లేదు. నిమిషానికి 5 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించే గీజర్‌కు నిమిషానికి 13 గ్రాముల గ్యాస్ పడుతుంది. బకెట్ మూడు నిమిషాల్లో నిండుతుంది, ఖర్చు 40 గ్రాములు. గిన్నె కంటే పొదుపు, ఎందుకంటే మంట వేడి సన్నటి రాగి గొట్టాల చుట్టూ తిరిగి నీళ్లలోకి దిగుతుంది.

కానీ గీజర్ ఒక్కటి కొంటే పని జరగదు. చిన్న గ్యాస్ డబ్బాలతో ఇది నడవదు, సిలిండర్ కావాలి. నీళ్లు తగినంత ఒత్తిడితో వస్తేనే బర్నర్ వెలుగుతుంది కాబట్టి కుళాయి లేనిచోట కారు బ్యాటరీతో నడిచే 12 వోల్టుల పంపు కావాలి. నిప్పురవ్వ పుట్టించడానికి చాలా రకాలకు రెండు పెద్ద టార్చిలైటు బ్యాటరీలు వేయాలి. అవి పెట్టెలో రావు. సిలిండర్‌కు తగిన రెగ్యులేటర్, గడువు దాటని రబ్బరు గొట్టం, బిగించే క్లిప్పులు కూడా ఉండాలి. వీటిలో ఏది మరచినా కొండెక్కాక గీజర్ ఉత్త రేకు డబ్బా.

5 కిలోల సిలిండర్ పెట్రోలు బంకుల్లోనూ, కొన్ని కిరాణా దుకాణాల్లోనూ చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డుతో దొరుకుతుంది. ఇండియన్ ఆయిల్ వాళ్లు దానికి ‘చోటూ’ అని పేరు పెట్టారు. ఇంటి పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కించి ఇచ్చే దుకాణాల జోలికి వెళ్లకండి. అది చట్టవిరుద్ధం. ఎంత ఎక్కిందో కొలత లేకుండా నిండా నింపిన సిలిండర్ ఎండలో కారు డిక్కీలో ఉందంటే ఎంత ప్రమాదమో ఊహించండి.

కొనేటప్పుడు మూడు చూడండి. మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోవాలి. నీళ్లు ఆగిపోతే బర్నర్ ఆరిపోవాలి. నీళ్లు మితిమీరి వేడెక్కితే గీజర్ ఆగిపోవాలి. ఐఎస్ఐ ముద్ర లేనిది, ఈ మూడూ పెట్టె మీద రాసి లేనిది ఎంత చవకైనా వద్దు.

గీజర్‌ను స్నానాల గుడారంలో పెట్టుకోవచ్చా? బయట చలిగాలి వేస్తోంది.

వద్దు. గుడారంలో వద్దు, దాని తెర పక్కన వద్దు, కారులో వద్దు, తలుపులు తెరిచి ఉన్నా వద్దు.

గ్యాస్ మండటానికి గాలిలోని ఆక్సిజన్ కావాలి. మూసిన చోట అది తగ్గిపోతే గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత స్పృహ తప్పడం. లోపల ఉన్నవాళ్లకు ఏం జరుగుతోందో తెలిసేలోపే లేవలేని స్థితి వస్తుంది. గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ప్రాణాలు పోయిన వార్తలు చలికాలంలో చదువుతూనే ఉన్నాం. గుడారం బాత్రూము కంటే చిన్నది.

గీజర్‌ను ఆరుబయట ఇనుప స్టాండుకు తగిలించి, పొడవాటి గొట్టంతో నీళ్లు లోపలి బకెట్‌లోకి తెచ్చుకోండి. లోపలికి నీళ్లు మాత్రమే రావాలి, మంట రాకూడదు. ఇదే మాట నిప్పుల కుంపటికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పొగ పోయింది కదా, ఎర్రగా కణకణలాడుతోంది కదా అని రాత్రి కుంపటిని గుడారంలోకి తెచ్చుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ విపరీతంగా వచ్చేది ఆ పొగలేని బొగ్గుల నుంచే. ఎవరికైనా తలనొప్పి, మగత అనిపిస్తే కారణం వెతకడం తర్వాత, ముందు బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి.

కారు బ్యాటరీతో, పవర్ స్టేషన్‌తో (వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టెతో) నీళ్లు కాచుకోవచ్చా?

టీకి సరే, స్నానానికి కాదు. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఇవ్వగలిగేది సుమారు 120 వాట్లు. ఆ సాకెట్‌కు తగిలించే కెటిల్‌లో లీటరు నీళ్లు మరగడానికి ముప్పావుగంట నుంచి గంట. ఇంజిన్ ఆపి ఇలా కాస్తే చిన్న కారు బ్యాటరీలో పావువంతు పైగా ఆ ఒక్క లీటరుకే పోతుంది. రెండోసారి కూడా కాస్తే తెల్లవారి కారు స్టార్ట్ కాకపోవచ్చు.

500 వాట్-గంటల పవర్ స్టేషన్ తీసుకుంటే అందులో ఉన్నదంతా కలిపి ఒక్క బకెట్‌కు సరి. అదీ చిన్న హీటరుతోనే. 1500 వాట్ల రాడ్ పెడితే దానిలోని ఇన్వర్టర్ మోయలేక ఆగిపోతుంది. ఆ కరెంటును దీపాలకు, ఫోన్లకు దాచుకోండి.

కరెంటు ప్లగ్ ఇచ్చే క్యాంపులో మాత్రం 1500 వాట్ల రాడ్ 15 లీటర్లను 17, 18 నిమిషాల్లో కాచేస్తుంది. ఎర్తింగ్ ఉన్న మూడు రంధ్రాల సాకెట్ అయితేనే పెట్టండి. తడి గడ్డి మీద ఎక్స్‌టెన్షన్ తీగ పరచవద్దు. స్విచ్ ఆపడమే కాకుండా ప్లగ్ పీకాకే నీళ్లలో వేలు పెట్టండి. అక్కడ కరెంటు వైరింగు ఎవరు చేశారో మనకు తెలియదు.

సోలార్ షవర్ సంచి పనిచేస్తుందా?

సాయంత్రం స్నానానికి చక్కగా పనిచేస్తుంది, పొద్దున స్నానానికి ఎందుకూ పనికిరాదు. నల్లటి సంచిలో 15, 20 లీటర్లు పోసి ఉదయం పది నుంచి ఎండలో పరిస్తే మధ్యాహ్నం మూడు గంటలకు గోరువెచ్చగా అవుతాయి. నేల మీద కంటే కారు బానెట్ మీద త్వరగా వేడెక్కుతాయి. లంబసింగిలో తొమ్మిది, పది దాకా మంచు విడవదు కాబట్టి అంతకు ముందు ఎండను నమ్ముకోలేం. ట్రెక్ ముగించుకుని మూడింటికి గుడారానికి చేరేవాళ్లకు ఇది వరం: ఇంధనం లేదు, మంట లేదు, భయం లేదు. 20 లీటర్ల సంచి 20 కిలోలు తూగుతుంది, అందుకని కొమ్మను చూసి వేలాడదీయండి. ఆ నీళ్లు తాగడానికి వాడవద్దు.

బ్యాటరీ షవర్ కొన్నాను, నీళ్లు వేడెక్కడం లేదు.

అది పంపు, హీటరు కాదు. బకెట్‌లో మీరు కాచి కలిపిన నీళ్లను పైకి తోస్తుందంతే. పెట్టె మీద ఎన్ని డిగ్రీల నీళ్ల దాకా వాడవచ్చో రాసి ఉంటుంది. మరిగే నీళ్లలో వేస్తే పంపు పాడవుతుంది.

మా ఇంట్లో పాత రాగి బాయిలర్ ఉంది. తీసుకెళ్లవచ్చా?

కారులో చోటుంటే, నిప్పు పెట్టడానికి అనుమతి ఉన్న స్థలమైతే తప్పకుండా తీసుకెళ్లండి. కట్టెలతో నీళ్లు కాచే సాధనాల్లో దానికి సాటి చెప్పగలిగేవి తక్కువ.

నా చిన్నతనంలో మా పెద్దమ్మగారి పెరట్లో ఒకటి ఉండేది. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమితే పండిన ధాన్యం రంగులో మెరిసేది. మధ్యలో నిలువునా గొట్టం, అడుగున జల్లెడ, పక్కన ఇత్తడి కుళాయి. పైనుంచి గొట్టంలోకి ఎండు కొబ్బరి డొక్కలు, పీచు, చితుకులు వేసి కింద రెండు కాగితాలు అంటిస్తే చాలు, ‘హూ’మని శబ్దం చేస్తూ మంట పైకి లాగేది. నీళ్లు ఆ గొట్టం చుట్టూ ఉంటాయి కాబట్టి మంట ఏ పక్కకు వెళ్లినా నీళ్లనే తాకాలి. కాసేపటికి కుళాయి కింద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. ఐర్లండ్‌లో పుట్టి ఇప్పుడు క్యాంపింగ్ దుకాణాల్లో గొప్పగా అమ్ముడవుతున్న కెల్లీ కెటిల్ కూడా ఇదే కిటుకు మీద నడుస్తుంది: మధ్యలో పొగగొట్టం, చుట్టూ నీళ్లు.

రెండు జాగ్రత్తలు. నీళ్లు పోయకుండా నిప్పు వేయకూడదు, అతుకులు కరిగి ఊడిపోతాయి. నీళ్లు పోసే మూత బిగించకూడదు, ఆవిరి బయటకు పోయే దారి ఉండాలి. చాలాకాలంగా మూలన ఉన్న బాయిలర్ అయితే ముందు లోపల కడిగి, నిండా నీళ్లు పోసి ఒక పూట అలాగే ఉంచి, కారుతోందేమో చూడండి.

అడవిలో కట్టెలు ఏరి పొయ్యి వెలిగించుకోవచ్చా?

రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. తెలంగాణలోనూ ఆ చట్టమే అమల్లో ఉంది. ప్రైవేటు స్థలంలో, క్యాంపు యజమాని చూపించిన పొయ్యి దగ్గర అయితే పర్వాలేదు. అక్కడ కూడా కట్టెలు వాళ్ల దగ్గరే కొనుక్కోండి. జనవరి దాటాక గడ్డి ఎండిపోతుంది, గాలికి లేచిన ఒక్క రవ్వ చాలు కొండంతా అంటుకోవడానికి. వెళ్లేముందు బూడిద మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, అరచెయ్యి దగ్గర పెట్టి చూడండి. వేడి తగిలితే పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

గ్యాస్ డబ్బాలను రైల్లో, బస్సులో తీసుకెళ్లవచ్చా?

రైల్లో కూడదు. రైల్వే చట్టం, 1989లోని 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. విమానంలో చేతిసంచిలోనూ, లగేజీలోనూ నిషేధమే. బస్సులో కూడా ఎక్కించకండి, అంతమంది మధ్య ఆ ప్రమాదం పెట్టడం న్యాయం కాదు. విశాఖపట్నం దాకా రైల్లో వెళ్లేవాళ్లు పొయ్యి మాత్రం పట్టుకెళ్లి, డబ్బాలు అక్కడ కొనుక్కుని కారులో కొండెక్కండి. మిగిలిన నిండు డబ్బాలను తిరుగు రైలు ఎక్కించకుండా అక్కడే అక్కరకొచ్చేవాళ్లకు ఇచ్చేయండి.

చంటిబిడ్డ పాలకు, తాగడానికి ఏం చేయాలి?

గీజర్ నీళ్లు, సోలార్ సంచి నీళ్లు తాగడానికి కావు. వెచ్చబడినంత మాత్రాన క్రిములు చావవు. తాగే నీళ్లు బుడగలతో తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. 2,000 మీటర్లకు పైన అయితే మూడు నిమిషాలు.

పాలపొడి కలపడానికి నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొడిలోనే ఉండే క్రిములు ఆ వేడికి చస్తాయి. కలిపాక సీసాను చన్నీళ్లలో పెట్టి చల్లార్చి పట్టాలి. రాత్రి పాలకు లేచి చలిలో పొయ్యి వెలిగించే బాధ తప్పాలంటే మంచి స్టీలు ఫ్లాస్కు కొనండి. పడుకునేముందు మరిగిన నీళ్లు ఒకసారి పోసి, ఫ్లాస్కు గోడలు వేడెక్కాక పారబోసి, మళ్లీ తెర్లే నీళ్లు నిండా నింపండి. సగం నింపిన ఫ్లాస్కు త్వరగా చల్లారుతుంది. చంటిబిడ్డ ఉన్న ఇల్లు ఒకే వస్తువు కొనగలిగితే గీజర్‌కు ముందు ఆ ఫ్లాస్కే కొనాలంటాను.

పిల్లలకు, పెద్దవాళ్లకు కాలకుండా జాగ్రత్త ఎలా?

బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు పోయండి. మరిగిన నీళ్లు ముందు పోసి చన్నీళ్ల కోసం అటు తిరిగిన ఆ అర నిమిషంలోనే పిల్లవాడు చెయ్యి పెడతాడు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా అయిదారు సెకన్లలో కాలుస్తాయి, పిల్లల చర్మం ఇంకా పలచన. చలికి కొంకర్లుపోయిన వేళ్లకు వేడి తెలియదు కాబట్టి మోచేతితో చూడండి. మధుమేహం వల్ల కాళ్లు మొద్దుబారిన పెద్దవాళ్లు పాదాలతో వేడి చూడకూడదు, ఇంకొకరు చూసి చెప్పాలి. పొయ్యిని నేల మీద కాకుండా పిల్లలు పరుగెత్తని పక్కగా, కదలని రాతి మీద పెట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ఆ చోటు ముందే చూసుకోవడం మేలు. ఒకవేళ కాలితే చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. పేస్టు, పసుపు, సిరా పూయవద్దు.

అందరికీ పూర్తి స్నానం తప్పనిసరి కాదు. ఒక రోజుకు తలస్నానం మాని, 3 లీటర్ల వేణ్నీళ్లలో తువ్వాలు తడిపి ఒళ్లు తుడుచుకుంటే పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది, వణుకూ ఉండదు. మన భాషలో కాకిస్నానం అన్నమాట ఉండనే ఉంది.

లడఖ్ వెళ్తున్నాం. ఇదే లెక్క అక్కడా పనిచేస్తుందా?

కొంచెం మారుతుంది. సుమారు 300 మీటర్లు ఎక్కేకొద్దీ నీళ్లు ఒక డిగ్రీ ముందే మరుగుతాయి. లంబసింగిలో 96, 97 దగ్గర మరిగేవి 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 88 దగ్గరే మరుగుతాయి. అక్కడి చన్నీళ్లు కూడా మంచుకు దగ్గరగా ఉంటాయి కనుక ఒకటికి రెండు కలిపితే చల్లగా తోస్తుంది, ఒకటికి ఒకటింబావు కలపండి. బ్యూటేన్ డబ్బాలను అక్కడ నమ్ముకోకండి. వాడాక గొట్టాల్లో, పంపులో నీళ్లు మిగలనీయకండి, రాత్రికి గడ్డకట్టి పగులుతాయి.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ ఏం కొనాలి?

అక్కడ ఒక పౌను ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్ ఎక్కడైనా దొరుకుతుంది, చలికి తట్టుకుంటుంది. 453 గ్రాములు, గిన్నె మీద ఆరు బకెట్లకు వస్తుంది. చాలా క్యాంపు మైదానాల్లో స్నానాల గదులు ఉంటాయి కాబట్టి ముందు అది చూసుకోండి. వేసవిలో నిప్పు మీద నిషేధం ప్రకటిస్తే గ్యాస్ పొయ్యికి అనుమతి ఉందో లేదో ఆ పార్కువాళ్లను అడగాల్సిందే.

స్నానం నీళ్లు వాగులోకి వదలవచ్చా?

వద్దు. ఆ కొండవాగుల నీళ్లే దిగువ గూడేల్లో ఆదివాసీలు తాగుతారు, వంటకు వాడతారు. వాగుకు కనీసం 200 అడుగుల దూరంలో స్నానం చేసి, సబ్బునీళ్లు నేలలో ఇంకేలా వెదజల్లండి. ‘సహజ’ అని రాసి ఉన్న సబ్బుకు కూడా ఇదే పద్ధతి.

బయలుదేరే ముందు ఇంట్లో ఒకసారి వాడి చూడాలా?

తప్పకుండా, అదీ వారం ముందు. మేడ మీద గాలి తగిలేచోట అన్నీ బిగించి, అతుకుల మీద సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. డబ్బాను వంటింటి త్రాసు మీద తూచి, 5 లీటర్లు మరిగించి, మళ్లీ తూచండి. మీ పొయ్యికి, మీ గిన్నెకు ఎన్ని గ్రాములు పట్టిందో ఆ అంకెను గిన్నె మూత మీద మార్కరుతో రాసిపెట్టుకుని, వెళ్లేవాళ్ల సంఖ్యతో, రోజులతో హెచ్చవేసి డబ్బాలు కొనండి. పైన ఒకటి ఎక్కువ.